కాగజ్‌నగర్ లెక్క, రామగుండం లెక్క

సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేట దాటి ఉత్తరానికి పోతే పెద్దపల్లి తర్వాత రామగుండం వస్తుంది. గోదావరి వంతెన దాటాక మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్డు. ఆఖరి స్టేషన్ సిర్పూర్ కాగజ్‌నగర్. ఈ ఒక్క పట్టాల వెంట, పాత కరీంనగర్ జిల్లాలో ఒకటి, పాత ఆదిలాబాద్ జిల్లాలో ఒకటి, రెండు పెద్ద కర్మాగారాలు మూతబడి మళ్లీ తెరుచుకున్నాయి. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో ఆగి, 2021లో మళ్లీ యూరియా తీసింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగి, 2018లో కొత్త యజమాని చేతికి వచ్చి మళ్లీ నడిచింది.

పన్నులు, సర్కారు ఖర్చు, స్వేచ్ఛా మార్కెట్ గురించి మన దగ్గర వాదన లేచినప్పుడల్లా చెరో పక్షం చెరో ఫ్యాక్టరీని సాక్ష్యానికి తెచ్చుకుంటుంది. సర్కారు పూనుకోకుంటే రామగుండంలో ఇవాళ్టికీ తుమ్మచెట్లే మొలిచేవని ఒకరంటారు. ప్రైవేటు కంపెనీ రాకుంటే కాగజ్‌నగర్ యంత్రాలు తుక్కు కింద అమ్ముడయ్యేవని ఇంకొకరంటారు. రెండు మాటలూ నిజమే. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఇద్దరూ వదిలేస్తున్న సంగతి ఒకటి బయటపడుతుంది. రెండు చోట్లా ప్రజల డబ్బు పడింది. రామగుండంలో పడిన డబ్బును ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు. కాగజ్‌నగర్‌లో పడిన డబ్బును వెతికి పట్టుకోవాలి. నా అభ్యంతరమంతా ఆ వెతుకులాట దగ్గరే.

ఈ వాదన తెలుగు నేలకు కొత్తది కాదు. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయ తీర్మానాన్ని ఆయన గట్టిగా ఎదిరించారు. రైతు భూమి మీద, పంట మీద సర్కారు పెత్తనం వద్దన్నది ఆ పార్టీ మాట. అటు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో ఎర్రజెండా సంఘాలు సరిగ్గా ఎదురు మాట చెప్పాయి. సింగరేణి సర్కారు చేతిలో ఉన్నందుకే బాయిలో దిగేవాడికి క్వార్టరు, దవాఖాన, నికరమైన జీతం దక్కాయని వాళ్ల అనుభవం. ఈ రెండు మాటల మధ్య నిలబడ్డ మనిషి కూడా ఈ ప్రాంతం వాడే. పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. ముఖ్యమంత్రిగా భూ పరిమితి కోసం పట్టుబట్టి పదవి పోగొట్టుకున్నారు. ప్రధానిగా 1991లో లైసెన్సుల రాజ్యానికి తలుపు మూశారు. మంథని నుంచి రామగుండం ఎంతో దూరం లేదు. పీవీ తెచ్చిన మార్పుల మంచి చెడ్డలను ఈ ఎరువుల కర్మాగారం కన్నా దగ్గరగా చూపించే చోటు మరొకటి దొరకడం కష్టం.

ముందు మూతబడిన తీరు చూద్దాం. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలైంది. అప్పటి ఫెర్టిలైజర్ కార్పొరేషన్‌ను ఊళ్లో ఇప్పటికీ ఎఫ్‌సీఐ అనే అంటారు. సింగరేణి బొగ్గును వాయువుగా మార్చి దాంతో యూరియా చేయాలన్నది పథకం. ఒడిశాలోని తాల్చేరులోనూ అదే పద్ధతి. రోజుకు 1500 టన్నుల యూరియా తీయడానికి కట్టిన కర్మాగారం ఆ స్థాయిని నిలకడగా ఎన్నడూ అందుకోలేదు. యంత్రాలు మొరాయించేవి, కరెంటు నమ్మకంగా ఉండేది కాదు. 1992లో సంస్థను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. 1999 మార్చి 31న గేటు మూశారు. బయటి దేశాల్లో యూరియా అంతకన్నా చౌకగా దొరుకుతున్నప్పుడు ఇక్కడ నష్టానికి చేయడం దేనికని అప్పట్లో అడిగిన ప్రశ్నకు ఆనాటి లెక్కల్లో జవాబు లేదు.

సర్కారు వ్యాపారం చేస్తే ఇంతే అని ఇక్కడ ఆపేస్తే కథ సులువు. కానీ కాగజ్‌నగర్ ఉంది. అక్కడ యాజమాన్యం ప్రైవేటుది. కాగితం ధర నిర్ణయించే అధికారి ఎవరూ లేరు. దేశంలో చదువు పెరుగుతోంది, పుస్తకాలు, నోట్‌బుక్కులు, ప్యాకింగ్ అట్టలు అన్నిటికీ గిరాకీ ఉంది. అయినా 2014లో ఆ మిల్లు ఆగిపోయింది. జీతాలు నిలిచాయి. క్వార్టర్లలో ఉన్న కుటుంబాలు పిల్లల్ని బడి మాన్పించే దాకా వచ్చాయి. కార్మికుల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. సర్కారుదైతే మునుగుతుంది, ప్రైవేటుదైతే తేలుతుంది అన్న సూత్రం ఈ రైలు మార్గం మీద పనిచేయలేదు. రెండూ కలిపితే మేలన్న వాళ్లకు జగిత్యాల వైపు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటుకు ఇచ్చి 49 శాతం సర్కారు ఉంచుకుంది. 2015 డిసెంబరులో అదీ మూతబడింది. మెట్‌పల్లి ప్రాంతపు చెరుకు రైతుకు యజమాని ఎవరన్నది ముఖ్యం కాలేదు. గానుగ ఆడటం లేదన్నదే ముఖ్యమైంది.

పేపర్ మిల్లు కథను 2014 దగ్గరో 2018 దగ్గరో మొదలుపెట్టేవాళ్లు ఒక పెద్ద పద్దును మరిచిపోతున్నారు. అది వెదురు. 1938లో, నిజాం కాలంలో, కొత్తపేట అనే పల్లె దగ్గర ఆ మిల్లు కట్టడం మొదలైంది. 1942 నుంచి కాగితం వచ్చింది, ఊరి పేరే మారిపోయింది. నిజాం సర్కారు పారిశ్రామిక నిధి అందులో వాటాలు పెట్టింది. అంటే పుట్టుకలోనే సర్కారు సొమ్ము ఉంది. ఆ చోటే ఎంచుకోవడానికి కారణాలు ఊరి చుట్టూ కనిపిస్తాయి. పెద్దవాగు నీళ్లు, రైలు పట్టాలు, బెల్లంపల్లి బొగ్గు, అన్నిటికన్నా మించి ఆదిలాబాద్ అడవుల వెదురు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అదే జిల్లా అడవుల్లో గోండుల మీద, కోలాముల మీద జంగ్లాతు (అటవీ శాఖ) వాళ్ల పట్టు బిగిసింది. రిజర్వు హద్దులు గీశారు, పోడు ఆపారు, ఇంటికి వాసం నరికినా, మేకల్ని మేపినా జరిమానా. జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం తిరగబడ్డది ఈ హద్దుల మీదే. 1940లో నిజాం పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతే హైమెండార్ఫ్‌ వంటి పరిశోధకుణ్ణి పంపి గోండుల బాధ ఏమిటో సర్కారు తెలుసుకోవాలనుకుంది. ఇవాళ కాగజ్‌నగర్ ఉన్న జిల్లాకు భీం పేరు పెట్టుకున్నాం. ఆయన పోరాడిన అడవి, మిల్లుకు వెదురిచ్చిన అడవి ఒక్కటేనన్న సంగతి మాత్రం పరిశ్రమల చర్చలో ఎవరూ ఎత్తరు.

బుట్టలల్లే కోలాములకు, తట్టలూ చేటలూ అల్లే మేదరులకు వెదురు ఇంటి ముందరి సరుకు. వాళ్లు దాన్ని తెచ్చుకోవడానికి అనుమతులు కావాలి. మిల్లుకు మాత్రం సర్కారు అడవి నుంచి సర్కారు కుదుర్చుకున్న ధరకు ఏళ్ల తరబడి అందింది. వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి దాని మీద ఆదివాసీకి హక్కు రాయడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. మార్కెట్‌లో కాగితం అమ్ముకున్న మిల్లు తన ముడిసరుకును మార్కెట్‌లో కొనలేదు. ఆ ధరల తేడా ఎంత అని ఏ బడ్జెట్టూ కట్టి చూపలేదు. ప్రభుత్వ ఖర్చు అనే మాటకు నేనిచ్చే అర్థంలో ఇదీ ఖర్చే. డబ్బు చెల్లించి ఇచ్చినా, రావలసింది వదిలేసి ఇచ్చినా ఖజానాకు తగ్గేది ఒకటే.

న్యాయంగా ఇంకో వైపూ చెప్పాలి. తరవాత కాలంలో మిల్లు వెదురు మీద ఆధారపడటం తగ్గించుకుని జామాయిల్, సుబాబుల్ వైపు మళ్లింది. చెలకల్లో ఈ చెట్లు పెంచే రైతుకు అక్కడ నిజమైన మార్కెట్ దొరికింది. చెట్టు నరికి లారీకెత్తి కాంటా వేయించుకుంటే డబ్బు. మిల్లు ఆగిన నాలుగేళ్లు ఆ రైతు కూడా కొనేవాడు లేక నష్టపోయాడు. మార్కెట్‌ను తిట్టేవాళ్లు ఈ రైతును లెక్కలోకి తీసుకోరు. అతనికి సర్కారు కన్నా నిలకడగా కొనే మిల్లే అవసరం.

ఇక తెరుచుకున్న తీరు. రామగుండం బిల్లు పెద్దది. 2013లో పాత సంస్థ మెడకున్న వేల కోట్ల అప్పునూ వడ్డీనీ కేంద్రం మాఫీ చేసింది. 2015 ఫిబ్రవరిలో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త కంపెనీ పెట్టారు. నేషనల్ ఫెర్టిలైజర్స్, ఇంజినీర్స్ ఇండియా ప్రధాన వాటాదారులు, గెయిల్ ఉంది, పాత ఎఫ్‌సీఐ ఉంది, తెలంగాణ సర్కారుకు 11 శాతం. బొగ్గును వదిలి సహజవాయువుకు మారారు, గొట్టపు మార్గం వేశారు. ఖర్చు 6 వేల కోట్ల రూపాయలు దాటింది. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబరు 12న ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. యూరియా ధర సర్కారు చేతిలో ఉంది కాబట్టి పెట్టుబడికి ఇంత రాబడి వస్తుందని విధానంలోనే హామీ రాశారు. ఆ హామీ లేకుంటే ఎవరూ రారు. ఇదంతా పార్లమెంటులో అడగవచ్చు, కాగ్ తనిఖీ చేయవచ్చు, కరీంనగర్ చాయ్ హోటల్లో కూర్చుని తిట్టనూవచ్చు.

కాగజ్‌నగర్‌లో దారి వేరు. 2016 దివాలా చట్టం కింద కేసు హైదరాబాద్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2018 జూలైలో జేకే పేపర్ ప్రణాళికకు ఆమోదం వచ్చింది. కొనేవాడు ముందుకు రావడానికి రాష్ట్ర సర్కారు ప్రత్యేక రాయితీలు ప్రకటించింది. దివాలా దారిలో ఇంకో సంగతి ఉంది. అప్పిచ్చిన బ్యాంకులు సాధారణంగా రావలసిన దాంట్లో కొంత వదులుకుంటాయి. ఆ బ్యాంకులు మన డిపాజిట్లతో నడిచేవి. వాటికి నష్టమొస్తే కేంద్రం మళ్లీ మూలధనం పోసిన ఏళ్లు చాలానే చూశాం.

రాయితీ ఇవ్వడం తప్పని నేను అనను. నాలుగేళ్లు సైరన్ మోగని ఊళ్లో బతికినవాడెవడూ అనడు. నేనడిగేది వేరే. అలాంటి రాయితీల్లో ఒకటైన పన్ను వాపసు ఎలా నడుస్తుందో చూడండి. కాగితం కొన్నవాడు జీఎస్టీ కడతాడు. రాష్ట్ర వాటా ఖజానాకు చేరుతుంది. అందులోంచి ఒప్పందం ప్రకారం కంపెనీకి తిరిగి వెళ్తుంది. బడ్జెట్‌లో అది పరిశ్రమల ప్రోత్సాహకాలు అనే పెద్ద పద్దులో రాష్ట్రంలోని అన్ని కంపెనీల వాటాతో కలిసిపోతుంది. కరెంటు సుంకం మినహాయిస్తే అదైతే ఖజానాకు రానే రాదు, కాబట్టి పద్దే ఉండదు. ఎకరానికింత అని రైతులకు నేరుగా ఇచ్చిన రైతుబంధుకు ఏటా ఎంతయ్యేదో హుజూరాబాద్ మార్కెట్లో హమాలీకి కూడా తెలుసు. కాగజ్‌నగర్ మిల్లుకు ఏటా ఎంతన్నది ఆ ఊరి టీచరుకు కూడా తెలియదు. మొదటిదాని మీద ఊరంతా వాదించుకుంటుంది, రెండోదాని మీద వాదనే పుట్టదు.

దేశ స్థాయిలోనూ ఇదే బొమ్మ. 2019 సెప్టెంబరు 20న కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఖజానాకు తగ్గే మొత్తం ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే అంచనా చెప్పింది. 2022-23లో ఎరువుల సబ్సిడీ సుమారు రెండున్నర లక్షల కోట్లయింది, అది యుక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర చుక్కలంటిన ఏడాది. రెండో అంకె గురించి సంపాదకీయాలు వచ్చాయి, సంస్కరణ కావాలన్నారు, సబ్సిడీల భారం అన్నారు. మొదటి అంకెను పెట్టుబడికి ఊతమన్నారు. ఊతం నిజంగా పనిచేసి ఉండవచ్చు. పనిచేసిందా అని సబ్సిడీని అడిగినంత గట్టిగా దాన్నీ అడగాలి. కేంద్ర బడ్జెట్ 2006-07 నుంచి వదులుకున్న పన్నుల పట్టిక వేస్తోంది. ఈ విషయంలో ఢిల్లీ మంచి పని చేసింది. అలాంటి పట్టిక, కంపెనీ పేరుతో సహా, రాష్ట్ర బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందుకు రావాలి.

రెండు సరుకుల్ని చేతిలోకి తీసుకుని చూద్దాం. ఒకటి యూరియా బస్తా. 45 కిలోలు, వేప పూత, మీద భారత్ అనే ముద్ర, గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. అందులో 5 శాతం జీఎస్టీ కూడా కలిసే ఉంది. రైతు సొసైటీకి వెళ్లి ఆధార్ చెప్పి యంత్రం మీద వేలు పెడితేనే బస్తా చేతికొస్తుంది. ఆ వేలిముద్ర పడ్డాకే కంపెనీకి సబ్సిడీ కదులుతుంది. బయటి ధర దాదాపు 2 వేలని, రైతుకు 270కే ఇస్తున్నామని ప్రధాని రామగుండం సభలోనే చెప్పారు. రెండోది కాగితం రీము. కంపెనీ పేరు, మందం, కాగితాల సంఖ్య, ధర. దాని వెనక ఎంత రాయితీ ఉందో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. బస్తా తీసుకున్న రైతు సర్కారు మీద బతుకుతున్నవాడని పేరు మోస్తాడు. రీము కొన్నవాడు, తయారు చేసినవాడు స్వేచ్ఛా మార్కెట్‌లో ఉన్నట్టే లెక్క. ఈ తేడా నాకు అన్యాయంగా తోస్తుంది.

అయితే యూరియా బస్తాను వెనకేసుకొచ్చినంత మాత్రాన ఆ పద్ధతిని మొత్తంగా మెచ్చుకోలేను. దాని జబ్బు 1991, 1992 నాటిది. పీవీ సర్కారు మొదటి బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచింది, గొడవ లేవడంతో 30కి దించి చిన్న రైతులకు మినహాయింపు ఇచ్చింది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేసి, యూరియాను మాత్రం నియంత్రణలో ఉంచింది. సగం మార్కెట్, సగం సర్కారు. ఫలితం పొలంలో కనిపించింది. భాస్వరం ఎరువైన డీఏపీ ధర ఎగబాకింది, యూరియా చౌకగా మిగిలింది, రైతు చౌకైనదే గుప్పించాడు. నేలలో నత్రజని మోతాదు తప్పింది. మార్కెట్‌కు పూర్తిగా వదిలినా, పూర్తిగా పట్టి ఉంచినా ఇంత వంకర వచ్చేది కాదు. పీవీ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. పదవిలో నిలవడానికే మెజారిటీ లేని ప్రధాని అంత పని చేయడం మామూలు విషయం కాదు. కానీ ఆ సగం నిర్ణయం మంథని, సుల్తానాబాద్ మాగాణుల మీద మూడు దశాబ్దాలుగా బరువు మోపుతూనే ఉంది.

ఇంకో జబ్బు కొరత. ధర ఒకచోట నిలబెట్టినప్పుడు సరుకు తగ్గితే ధర పెరగదు, వరుస పెరుగుతుంది. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా అదే చూశాం. సొసైటీ గోదాము ముందు తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు వరుసలో పెట్టి పక్కన కూర్చున్నారు. రామగుండం కర్మాగారమే ఆ సీజనులో మరమ్మతులతో రోజుల తరబడి ఆగింది. పొగగొట్టం కనిపించే ఊళ్లలోనే బస్తా దొరకలేదు. మార్కెట్ పక్షం వాళ్లు ఈ వరుసను చూపించి ధర వదిలేయండి అంటారు. వాళ్ల మాటలో తర్కం ఉంది. కానీ ఆ ధర వదిలితే 2022లో బస్తా ఎంతకు చేరేదో ప్రధాని లెక్క నుంచే ఊహించవచ్చు. వరుసలో నిలబడ్డ కౌలురైతు అప్పుడు వరుసలో కూడా ఉండడు, నాటు వేయడమే మానుకుంటాడు.

కౌలురైతు మాట వచ్చింది కాబట్టి సర్కారు ఖర్చు పక్షాన్ని ఒకటి నిలదీయాలి. 2018 మే 10న రైతుబంధు హుజూరాబాద్‌లో మొదలైంది, ఎకరానికి పంటకు 4 వేలు. మధ్యవర్తి లేకుండా డబ్బు నేరుగా ఇవ్వడం అనే ఆలోచన మార్కెట్ పక్షానికీ నచ్చేదే. కానీ డబ్బు పట్టా వెంట నడిచింది, నాగలి వెంట నడవలేదు. భూమికి పరిమితి పెట్టలేదు. యాభై ఎకరాల పట్టాదారు హైదరాబాద్‌లో ఉన్నా అందుకున్నాడు, అతని పొలం దున్నిన కౌలుదారు అందుకోలేదు. సర్కారు ఖర్చు పేదవాడి పక్షమని దానంతట అదే అయిపోదు. ఎవరి పేరు మీద రాస్తున్నామన్నది ఖర్చెంతన్న దానికన్నా పెద్ద ప్రశ్న.

మార్కెట్ పక్షం గెలిచే చోటును కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. అది వేగం. కాగజ్‌నగర్ గేటు నాలుగేళ్లలో కొత్త యజమానికి తెరుచుకుంది. రామగుండానికి 22 ఏళ్లు పట్టింది. మూసిన సర్కారు ఒకటి, తెరుస్తామన్న సర్కారు ఇంకొకటి, శంకుస్థాపన చేసింది మరొకటి. 2016 ఆగస్టులో ప్రధాని గజ్వేల్ సభ నుంచే రామగుండానికి పునాదిరాయి వేశారు, ఉత్పత్తికి మరో నాలుగున్నరేళ్లు. ఇరవై రెండేళ్లంటే ఒక తరం. యంత్రం చప్పుడు చెవిలో పడితే జబ్బు చెప్పగలిగిన ఫిట్టర్లు, ఆపరేటర్లు రిటైరైపోయారు, చెదిరిపోయారు. వాళ్ల పిల్లలు చదువుకుని గల్ఫుకో హైదరాబాద్‌కో వెళ్లారు. కొత్త కర్మాగారానికి పాత ఊరి నైపుణ్యం అందలేదు. సొంత డబ్బు పెట్టినవాడు ప్రతి నెలా వడ్డీ లెక్కపెట్టుకుంటాడు, అందుకే తొందరపడతాడు. సర్కారుకు ఆ తొందర లేదు. ఈ ఒక్క విషయంలో నేను కాగజ్‌నగర్ వైపే.

మొత్తం మీద మాత్రం నా మొగ్గు రామగుండం వైపు. అక్కడ తప్పు జరిగితే ఎవర్ని అడగాలో తెలుసు. సబ్సిడీ ఎంతో తెలుసు, వాటా ఎవరిదో తెలుసు, కర్మాగారం ఆగితే ఆ వారమే కలెక్టరేట్ ముందు ధర్నా. కాగజ్‌నగర్‌లో మిల్లు ఆగితే రాయితీలు ఏమవుతాయి, ఎన్ని ఉద్యోగాలకు ప్రతిగా ఇచ్చాం, ఆ ఉద్యోగాల్లో పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, ఊళ్లోవాళ్లకు ఎన్ని అన్న ప్రశ్నలకు ఏటా జవాబు చెప్పే వేదిక లేదు. మార్కెట్ అంటే పోటీ, పోటీ అంటే లెక్క అని నమ్మేవాళ్లు అందరికన్నా ముందు ఈ జవాబులు కోరాలి.

పన్ను కట్టేవాళ్ల డబ్బు అనే మాట కూడా సరిచేసుకోవాలి. అదేదో ఆదాయపు పన్ను రిటర్ను వేసేవాళ్ల సొత్తన్నట్టు మాట్లాడతారు. సిర్పూర్ సంతలో ఒంటి సబ్బు, బిస్కెట్ ప్యాకెట్ కొనే కూలి తల్లి 2025 సెప్టెంబరు దాకా వాటి మీద 18 శాతం జీఎస్టీ కట్టింది, ఇప్పుడు 5 శాతం కడుతోంది. ఆమెకు రసీదు రాదు, పన్ను చెల్లింపుదారు అన్న గౌరవమూ రాదు. పేపర్ మిల్లు రాయితీలోనూ యూరియా సబ్సిడీలోనూ ఆమె వాటా ఉంది.

పన్ను తగ్గిస్తే అందరికీ మేలన్నది కూడా ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డులో నిలవదు. బయటి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టులో ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. దారం మిల్లులకు అది ఊరట. జైనథ్, బేల మండలాల్లో వానకు తడిసిన పత్తిని ఏరుకుంటున్న రైతుకు అది సరిగ్గా కోత సమయంలో దిగిన దెబ్బ. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. కాటన్ కార్పొరేషన్ ఆ ధర ఇవ్వాలంటే తేమ 8 శాతం లోపు ఉండాలి, 12 దాటితే కొననే కొనదు. తేమ మీటరు 14 చూపిస్తే బండి నేరుగా ప్రైవేటు వ్యాపారి దగ్గరికి, అతను చెప్పిన రేటుకు. ఒకే రైతు ఒకే పూటలో పన్ను కోత, సర్కారు నిబంధన, స్వేచ్ఛా మార్కెట్ మూడింటి చేతా నష్టపోగలడని ఆ యార్డులో చూడవచ్చు.

అదే ఆదిలాబాద్ పట్టణం అంచున ఇంకో కర్మాగారం ఉంది. కేంద్రానికి చెందిన సిమెంట్ కార్పొరేషన్‌ది. చుట్టూ సున్నపురాయి ఉంది, గనులున్నాయి, రాష్ట్రం నిండా కట్టడాలు లేస్తున్నాయి. తొంభైల చివర మూతబడ్డది ఇప్పటికీ తెరుచుకోలేదు. ప్రతి ఎన్నికకూ తెరుస్తామన్న మాట వినిపిస్తుంది. రామగుండంలా సర్కారే నడపాలని కొందరు, కాగజ్‌నగర్‌లా ఎవరికైనా ఇవ్వాలని కొందరు అడుగుతున్నారు. ఏ దారి పట్టినా నాకు అభ్యంతరం లేదు. కానీ గేటు తెరిచే ముందే కొన్ని కాగితాలు ఆదిలాబాద్ కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. పాత అప్పులో ఎంత వదులుతున్నారు, భూమిని ఎంతకిస్తున్నారు, ఏ పన్ను ఎన్నేళ్లు వాపసు చేస్తారు, సున్నపురాయి మీద రాయల్టీ ఎంత, అందులో జిల్లా ఖనిజ నిధికి చేరేదెంత, ఎన్ని ఉద్యోగాలు, అవి ఎవరికి, కర్మాగారం మళ్లీ ఆగిపోతే ఇచ్చినదాంట్లో వెనక్కి వచ్చేదెంత.